పూచీ సంతకం

జనవరి 9

మేనకోడలికి,

ముప్ఫై రెండేళ్ల కిందట ఒక గురువారం పదింటికి వస్తానని మీ అమ్మ మాటిచ్చింది. రాలేదు. నీ ఉత్తరానికి నా జవాబు ఇంతే. మిగతాది చదవాలనిపిస్తే చదువు, లేదంటే చించెయ్యి. నా మాట వినకపోవడం మీ ఇంటి ఆడవాళ్లకి కొత్త కాదు.

పూచీ అంటే ఏమిటో నాకు నేర్పడానికి రెండు పేజీలు ఖర్చుపెట్టావు. పద్దెనిమిది నిండిన రోజున పిల్ల హోం వదలాలి. బయటి మనిషి ఎవరైనా పూచీ సంతకం పెడితే వాళ్లింట్లో ఉండొచ్చు, మరో రెండేళ్లు హోం ఆమె మంచీచెడూ చూస్తుంది, పని నేర్పిస్తుంది. సంతకం లేకపోతే ఫైలు మూస్తారు, పిల్ల గేటు బయట. హోంలో పనిచేసేవాళ్లు ఆ సంతకం పెట్టకూడదు. అమ్మాయీ, తాతకి దగ్గులు నేర్పడమంటే ఇదే. ఆ రూలు కాగితం మీదికెక్కిన రోజున నేను ఆ వరండాలోనే ఉన్నాను. అప్పుడు మమ్మల్ని కేర్‌టేకర్లనేవారు. ఇప్పుడు నువ్వు సపోర్ట్ స్పెషలిస్టువట. పేరు పొడుగైంది. గేటు ఎక్కడున్నది అక్కడే ఉంది.

మా దగ్గర ఒక పిల్ల ఉండేది. ఎర్రసంచి పిల్ల అనేవాళ్లం. ఏడు ఇళ్లు మారి వచ్చింది. ఎర్ర గుడ్డసంచిలో బట్టలు పెట్టుకుని తలకింద పెట్టుకునేది, అల్మారాలో ఏనాడూ సర్దలేదు. మూడేళ్లు నాతో మాట్లాడలేదు. నాలుగో ఏడు నా చేతిలో పుస్తకం లాక్కుని, "ఇందులో చివరికి ఎవరు చస్తారు?" అని అడిగింది. పదకొండేళ్ల ఉద్యోగంలో నాకు దక్కిన మెప్పు అదొక్కటే.

మీ అమ్మని నేను అడగలేదు. తనే అంది. ఒక ఆదివారం నన్ను చూడ్డానికి హోంకి వచ్చి, "అన్నయ్యా, దీని సంతకం నేను పెడతా. గురువారం పదింటికి వస్తా. సంచి సర్దించి ఉంచు" అంది. నాతో చాటుగా అంటే క్షమించేవాణ్ణేమో. ఆ పిల్ల ముందే అంది.

గురువారం తొమ్మిదింటికే లోపలి వరండాలో బెంచీ మీద కూర్చున్నాం, నేనూ, ఆ పిల్లా, సంచీ. పది. పదకొండు. పన్నెండింటికి సూపరింటెండెంటు ముందు గదిలోంచి పళ్లు కుట్టుకుంటూ వచ్చి, "మీ చెల్లెలుగారు రాలేదుగా" అన్నాడు. వెనక గేటులోంచి సైకిలు తీసి మీ ఇంటికి తొక్కాను. తలుపుకి నా పిడికిలంత తాళం. పక్కింటావిడ, "పొద్దున్నే శుభ్రంగా తయారై ఎటో వెళ్లిందండీ" అంది. తయారై వెళ్లిందట! ఐదింటిదాకా ఊరంతా తిరిగి వచ్చేసరికి బెంచీ ఖాళీ. ఆ పిల్ల ఏమైందో నాకు ఈ రోజుకీ తెలియదు. మర్నాడు ఉద్యోగం వదిలేశాను. ఈ ఊరొచ్చి మీ అమ్మకి ఒక కార్డు రాశాను: నాకు చెల్లెలు లేదు.

చెల్లెలే లేనివాడికి మేనకోడలు ఎక్కణ్ణించి వస్తుంది? చిన్నప్పుడు నిన్ను భుజాన మోసిన పాపానికి మామయ్య అని పిలుస్తున్నావు, పిలువు. సంతకం మాత్రం అడగకు.

ఇట్లు,
సంతకం పెట్టని మామయ్య


జనవరి 17

మామయ్యా,

మీ ఉత్తరం ఆఫీసుకి వచ్చింది. మధ్యాహ్నం అన్నం తింటూ చదివాను, అన్నం వదిలేశాను. మీకు సంతోషమేగా.

ముందు ఒక సంగతి. నేను మీకు రాస్తున్నట్టు అమ్మకి తెలియదు. ఇది అమ్మ పంపిన రాయబారం కాదు. ఫోన్ చేస్తే "రాంగ్ నంబర్" అని మీరే పెట్టేస్తారు కాబట్టి ఉత్తరం రాశాను. నాన్న పోయి ఆరేళ్లయింది. అప్పుడూ మీరు రాలేదు. మీ పగ మీది. అది మా పిల్ల నెత్తిన ఎందుకు?

మా పిల్ల గురించి. హోంలో అందరూ దాన్ని తాళం అంటారు. మా వంటగదిలో ఫ్రిజ్‌కి తాళం ఉంటుంది (మీ కాలంలోనూ ఉండే ఉంటుంది). పోయిన నెల అది నాలుగుసార్లు తెరుచుకుంది. పాలప్యాకెట్టు కూడా పోలేదు. "ఎందుకు తీశావే?" అంటే, "మూసి ఉంది కాబట్టి" అంది. ఇంట్లోవాళ్లు గదిలో పెట్టి తాళం వేసి మూడేసి రోజులు వెళ్లిపోయేవాళ్లట. తొమ్మిదేళ్లకే జడపిన్నుతో తలుపు తీయడం నేర్చుకుంది. ఇప్పటికీ బూట్లు వేసుకునే పడుకుంటుంది. మా లాగ్‌బుక్కులో ప్రతి షిఫ్టువాళ్లూ ఒకటే మాట రాస్తారు: బూట్లు విప్పలేదు.

మొన్న నా స్కూటీ తాళంచెవి డ్రైనేజీలో పడితే అరనిమిషంలో స్టార్ట్ చేసి ఇచ్చి, "ఇది మాత్రం లాగ్‌బుక్కులో రాయకక్కా" అంది. రాయలేదు. ఇప్పుడు మీరు నా ఉద్యోగం కూడా పీకించొచ్చు.

తాళాలు బాగుచేసే షాపులో దానికి శిక్షణ దొరికింది. ఆ ముసలి మేస్త్రీ దాని చేతులు చూసి, "ఇన్నాళ్లూ ఎక్కడున్నావే తల్లీ" అన్నాడు. ఆ షాపు మీ ఇంటికి మూడు వీధుల అవతల. అందుకే మీరు గుర్తొచ్చారు. మీ మంచితనం చూసి కాదు. ఇప్పటికి ఎనిమిదిమందిని అడిగాను. ఒకరికి ఇల్లు చిన్నది, ఒకరికి కొడుకు పెద్దవాడు, ఒకావిడైతే "తాళాలు తీసే పిల్లనా?" అని ఫోన్ కింద పెట్టకుండానే నవ్వింది. మార్చి 19కి దానికి పద్దెనిమిది నిండుతాయి. ఆ రోజు పదింటికి సంతకం లేకపోతే శిక్షణా లేదు, మంచమూ లేదు.

ఎర్రసంచి పిల్లకి జరిగినందుకు మీకంత కోపముంటే, అది మళ్లీ జరగకుండా చూడాలి కదా? ఒక్కసారి పిల్లని చూడండి. అంతే అడుగుతున్నా.

నిన్న ఊరికే కదిపినట్టు అమ్మని అడిగాను, "మామయ్య చిన్నప్పుడు నిన్ను ఏమని పిలిచేవాడమ్మా?" అని. "ఏదో జంతువు పేరులే" అని స్టవ్ వైపు తిరిగింది. ఏ జంతువో చెప్పలేదు.

మీ మేనకోడలు


జనవరి 24

మేనకోడలికి,

"మళ్లీ జరగకుండా చూడాలి కదా" అంటూ నాకు నీతులు. నేను చదివిన పుస్తకాల్లో ఇలాంటి వాక్యం వచ్చిన పేజీ దగ్గరే పుస్తకం మూసేసేవాణ్ణి. నీది మూయలేకపోయాను, అదే నా చికాకు.

ఫ్రిజ్‌కి తాళం మా కాలంలో లేదు. ఫ్రిజ్జే లేదు. బియ్యం డబ్బాకి ఉండేది. అది వేసినవాడు సూపరింటెండెంటు, తీసి మింగినవాడూ వాడే. కంచే చేను మేసిందని పైకి రాశాను. వాడికి ప్రమోషన్ వచ్చింది. నాకు మెమో వచ్చింది.

ఫిబ్రవరి మొదటి ఆదివారం, పదకొండింటికి తీసుకురా. చూస్తాను అన్నాను. చూడ్డమంటే చూడ్డమే, పెళ్లిచూపుల్లా మాటా మాటా కలపడం కాదు. రెండు గదుల ఇల్లు, గోడలన్నీ పుస్తకాలే. ముందే చెప్పు, తర్వాత వాసన అని ముక్కు మూసుకుంటే ఊరుకోను.

పిల్లకి బూట్లు విప్పమని చెప్పకండి. ఇన్నాళ్లూ చెబుతూ ఉన్నారు కాబట్టే అది విప్పడం లేదు.

మామయ్య


ఫిబ్రవరి 8

మామయ్యా,

ఏం చేశారండీ మీరు?

నేను మీకు బంధువుని కాబట్టి ఇంటి రిపోర్టు నేను రాయకూడదు. అందుకే మా కళ్లజోడు మేడం పిల్లని తీసుకొచ్చింది. ఆవిడ అబద్ధం రాయదు. ఆవిడతో వచ్చిన చిక్కే అది. రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నా:

"పెద్దాయన వయసు డెబ్బై నాలుగు, ఒంటరి. వెళ్లిన పది నిమిషాల్లో పిల్ల మీద గట్టిగా అరిచారు. పిల్ల కూడా అరిచింది. కోపం ఎక్కువ మనిషి."

మీరు అరిచింది ఎందుకో పిల్ల చెప్పింది. మీ మూల గదిలో తాళం వేసిన బీరువా ఉందట. తాళంచెవి పోయిందని మీరన్నారట. మీరు టీ పెట్టి తెచ్చేలోపు అది జడపిన్నుతో తీసేసింది.

"మా ఇంట్లో తాళం ముట్టుకోడానికి నువ్వెవరివే? దొంగపనులు ఇక్కడ కూడానా?" అన్నారట.

"తీశాను. దొంగిలించలేదు. ఆ రెండూ ఒకటి కాదు పెద్దాయనా. ఇన్ని పుస్తకాలు చదివి ఇది తెలీదా?" అందట.

బస్సులో వస్తూ మేడంతో ఏమందో తెలుసా? "ఆయన తాళంచెవి పోలేదు మేడం. పారేశాడు. పోగొట్టుకున్నవాళ్ల మొహం అలా ఉండదు."

రిపోర్టు మార్చి మొదటి వారంలో కమిటీ ముందుకి వెళ్తుంది. అందులో "అరిచారు" అన్న ఒక్క మాట చాలు, పూచీ పోతుంది. పైగా డెబ్బై దాటినవాళ్లకి తోడుగా రెండో సంతకం కావాలట, అదీ నిన్ననే తెలిసింది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఇంకొకటి. ఆ చిరాకులో ఇంటికెళ్లి అంతా అమ్మకి చెప్పేశాను. మీ మొదటి ఉత్తరం కూడా చూపించాను. అమ్మ కుర్చీలో కూర్చుంది. "నేను వెళ్లాను" అంది. "తొమ్మిదిన్నరకే ముందు గేటులోంచి వెళ్లాను. సూపరింటెండెంటు ముందు గదిలో కూర్చోబెట్టి మీ మామయ్య చేతిరాత చూపించాడు. ఇంట్లో తాగుడు, గొడవలు అని రాశాడు. 'మీ అన్నగారే వద్దంటుంటే నేనేం చేయనమ్మా' అని బయటికి పంపేశాడు."

మీరు రాశారా?

మేనకోడలు


ఫిబ్రవరి 12

అమ్మాయీ,

రాయలేదు!

మీ ఇంటి రిపోర్టు నేనే రాశాను. అప్పట్లో బంధువులు రాయకూడదన్న రూలు లేదు. ఏం రాశానో నాకు అక్షరం అక్షరం గుర్తుంది. గాలి వెలుతురు ఉన్న ఇల్లు, బాధ్యత గల ఇల్లాలు, పిల్లకి ప్రత్యేకంగా గది. మీ నాన్న తాగుడు ఊరందరికీ తెలుసు, అయినా కాగితం మీద పెట్టి నా చెల్లెల్ని పలుచన చేస్తానా? ముప్ఫై రెండేళ్లు కూర్చుని మీ అమ్మ అల్లుకున్న కథ ఇది. కథలంటే నాకు తెలుసు. ఇది పేలవమైన కథ. ఇందులో చెడ్డవాడు చచ్చినవాడు, సాక్షి తనే.

నిజంగా వచ్చిందే అనుకుందాం. లోపలికి ఒక్క కేక వెయ్యడానికి నోరు లేదా? ముప్ఫై అడుగుల దూరంలో బెంచీ మీద ఉన్నాను. మీ అమ్మ నోరు సంగతి నాకు తెలియదా? చిన్నప్పుడు నా బలపం నేను వెనక్కి తీసుకున్నందుకు వీధి చివర వరకు వినపడేలా ఏడ్చిన మనిషి.

ఇక ఆ కళ్లజోడావిడ. పదకొండేళ్లు ఆ పని చేసినవాడి ఇంటికి వచ్చి, పెట్టిన టీ తాగి, "కోపం ఎక్కువ మనిషి" అని రాసిపోతుందా! ఎద్దు పుండు కాకికి ముద్దా? పది నిమిషాలు చూసి మనిషిని మూడు ముక్కల్లో తేల్చేయడానికి ఎవరిచ్చారు ఆ కలం? ఆ కాగితం చించి పారెయ్. లేదా మార్పించు. మీ ఆఫీసులో కాగితాలు మారవని నాకు చెప్పకు.

తాళం చెప్పింది నిజమే. చెవి పారేశాను. హోం కాగితాలున్నాయి అందులో. అవి చూడకూడదనే పారేశాను. తలుపు ఆ రోజునుంచీ బార్లా తెరిచే ఉంది. అటు వెళ్లడం లేదు.

మామయ్య


ఫిబ్రవరి 20

మామయ్యా,

ఇప్పటిదాకా మీరు అని రాశాను. ఈ ఒక్క ఉత్తరం నువ్వు అని రాస్తాను. తప్పైతే తిట్టుకో.

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. "సాక్షి తనే" అన్న దగ్గర ఆపమంది. లోపలికెళ్లి ట్రంకుపెట్టె తీసి నీ కార్డు తెచ్చి నా చేతిలో పెట్టింది. "నాకు చెల్లెలు లేదు." కింద నీ అడ్రసు కూడా లేదు.

"ఈ కార్డు వచ్చిన రోజున ఆ పిల్ల మనింట్లోనే ఉంది" అంది అమ్మ.

నాకు అర్థం కాలేదు. "ఏ పిల్లమ్మా?"

"ఎర్రసంచి పిల్ల. గేటు ఎదురుగా బస్టాపులో నాలుగింటిదాకా నిలబడ్డానే. మీ మామయ్య మనసు మార్చుకున్నాడు, కేక వేసి పిల్ల ముందు వాణ్ణి అల్లరి చేయడమెందుకని ఊరుకున్నా. నాలుగింటికి పిల్ల ఒక్కతే బయటికి వచ్చింది. ఏ సంతకమూ లేకుండా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేశా."

నువ్వు మా ఇంటి తాళం చూసి తిట్టుకుంటూ తిరిగిన వేళకి అమ్మ మీ గేటు ఎదురుగా ఉంది మామయ్యా.

"ఎన్నాళ్లుంది?"

"పదకొండు రోజులు. పన్నెండో పొద్దున మీ నాన్న కంచం విసిరాడు. దాని మీదికి కాదు, గోడ మీదికి. అది నీకు జడలు వేస్తోంది. ఒకటి వేసింది. రెండోది వెయ్యకుండానే లేచి సంచి తీసుకుని వెళ్లిపోయింది. నేను వీధి చివరికి పరిగెత్తేసరికి లేదు."

మామయ్యా, నాకు నాలుగేళ్లు అప్పుడు. ఎవరో అక్క ఒక పక్క జడ వేసి వెళ్లిపోయినట్టు, నేను రెండో పక్క జుట్టు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డట్టు చిన్నప్పట్నుంచీ ఒక గుర్తు ఉంది. కల అనుకునేదాన్ని. మంచం కింద ఎర్రగా ఏదో ఉండేది.

"మామయ్యకి ఎందుకు చెప్పలేదమ్మా?" అని గట్టిగానే అడిగాను. నాకూ కోపం వచ్చింది. అమ్మ ఏమందో విను.

"ఏమని చెప్పనే? వాడు రాసింది నిజమే కదా. తాగుడు, గొడవలు. రాసింది చూసి మండిపోయాను. పన్నెండో రోజు అదే నిజమైంది. ఏ మొహం పెట్టుకుని చెప్పను, నువ్వే గెలిచావురా అన్నయ్యా అని?"

నేను మాత్రం మీ ఇద్దరి మీదా మండిపడుతున్నా. ఒకరు రాసి మర్చిపోయారు, ఒకరు దాచి కూర్చున్నారు. మధ్యలో ఒక పిల్ల పోయింది. ఇప్పుడు ఇంకో పిల్ల బూట్లు వేసుకుని కూర్చుని ఉంది. రిపోర్టు నేను మార్చను. మార్చే ఉద్యోగమే అయితే నాకొద్దు. రెండో సంతకం తను పెడతానంది అమ్మ. నువ్వు ఆమె పక్కన కూర్చుంటావా? అవునో కాదో ఒక్క మాట రాయి. తిట్లు తర్వాత.

నీ మేనకోడలు


ఫిబ్రవరి 25

అమ్మాయీ,

అవును.

ఇక తిట్లు.

నీ ఉత్తరం వచ్చాక రెండు రోజులు దాన్ని పుస్తకాల కింద పెట్టాను. మూడో రోజు పొద్దున బీరువా దగ్గరికి వెళ్లాను. కార్బన్ కాపీలన్నీ ఉన్నాయి. మీ ఇంటిది అడుగున దొరికింది. రాశాను. నా చేతిరాతే. చదువు:

"ఇల్లు పెద్దది, గాలి వెలుతురు ఉంది. ఇంటాయన తాగి వచ్చి గొడవ చేస్తాడు, గిన్నెలు విసురుతాడు. నాలుగేళ్ల పిల్ల ఉంది."

అక్కడ ఆపేశాను. పదకొండేళ్లలో నా కలం ఒక్క అబద్ధం రాయలేదని గొప్పగా తిరిగాను. చెల్లెలి ఇల్లయినా సరే దాచలేదని అప్పట్లో మురిసిపోయి ఉంటాను. తర్వాత అది నాకే నచ్చక మనసులో చెరిపేసి, "బాధ్యత గల ఇల్లాలు" అని కొత్తగా రాసుకున్నాను. పేలవమైన కథ అల్లింది నేను.

రాయాల్సిన మాట ఒకటి రాయలేదు, మనసుతో కాదు, కళ్లతో చూసిందే. ఆ ఇంటికి ఎన్నిసార్లు వెళ్లానో అన్నిసార్లూ, గిన్నెలు ఎగురుతున్నా సరే, తలుపు తీసింది మీ అమ్మే. అది రాసి ఉంటే ఆ సూపరింటెండెంటు ఏ కాగితం అడ్డం పెట్టుకునేవాడో చూసేవాణ్ణి.

అందుకని కళ్లజోడావిడ రిపోర్టు చించొద్దు. ఒక్క అక్షరం మార్చొద్దు. వెనక్కి తీసుకుంటున్నాను ఆ మాట. కానీ ఆవిడ్ని అడుగు, అరుచుకున్న తర్వాత ఎంతసేపు ఉన్నారో. గంటా నలభై నిమిషాలు. అరుపులయ్యాక ఆ పిల్ల పొమ్మన్నా పోకుండా నా గదిలోనే కూర్చుని, రేడియో విప్పి, మళ్లీ బిగించింది. నేను పేపరు చదువుకున్నాను. ఆవిడ చూసింది. చూసింది రాయమను. కింద ఒక్క వాక్యం చాలు: అరుచుకున్న తర్వాత ఇద్దరూ అదే గదిలో ఉండిపోయారు.

నువ్వు నువ్వు అని రాశావు. బాగానే ఉంది. అలాగే రాయి.

మామయ్య


మార్చి 7

మామయ్యా,

మేడం ఆ వాక్యం రాసింది. "ఇది ముందే రాయాల్సింది, అరుపు దగ్గరే ఆగిపోయాను" అంది. కమిటీలో ఒకాయన గొణిగాడు. మిగతా నలుగురూ ఒప్పుకున్నారు. 19న పదింటికి, ముందు గదిలో. వెనక గేటు నుంచి రావద్దు.

తాళం అడుగుతోంది, బీరువా మళ్లీ మూసేశావా అని.

నీ మేనకోడలు


మార్చి 23

అమ్మాయీ,

సంతకాల రోజున నువ్వు హడావిడిగా తిరుగుతున్నావు కాబట్టి బెంచీ దగ్గర ఏం జరిగిందో నీకు తెలియదు. మీ అమ్మ తన పద్ధతిలో చెప్పేలోపు నేను రాస్తున్నాను.

పదింటికి రమ్మన్నారు. ఆవిడ ఆలస్యంగా వస్తుంది, అప్పుడు నాలుగు అందామని నేను తొమ్మిదిన్నరకే వచ్చాను. వచ్చేసరికి బెంచీ మీద కూర్చుని ఉంది. జుట్టంతా తెల్లబడింది. వీపు మాత్రం అప్పట్లాగే నిటారుగా.

"ముప్ఫై రెండేళ్లు ఆలస్యంగా వచ్చావు" అన్నాను.

"ఎనిమిదిన్నరకే వచ్చాను. ఆలస్యమైంది నీకు" అంది.

ఆ పిల్ల మా ఇద్దరి మధ్యా బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుని అటూ ఇటూ చూస్తోంది. నేను కార్బన్ కాపీ తీశాను. మీ అమ్మ నా కార్డు తీసింది. నాది తను చదివింది, తనది నేను చదివాను. ఇద్దరికీ కళ్లజోళ్లు కావలసి వచ్చాయి.

"అడ్రసు కూడా రాయలేదు, ఎంత పొగరు" అంది.

"పోస్టాఫీసు ముద్ర ఉందిగా. నీ మొహానికి ఆ ముద్ర చాలదా వెతుక్కోడానికి?"

"వెతికితే ఏం చేసేవాడివి? తలుపు వేసుకునేవాడివి."

"వేసుకునేవాణ్ణే. నువ్వు బయట కూర్చోవాల్సింది!"

గుమాస్తా తలుపులోంచి తొంగిచూశాడు. తాళం అడిగింది, "మీరిద్దరూ ఎప్పుడూ ఇలాగే అరుచుకుంటారా?"

"ఊఁ" అంది మీ అమ్మ.

"కంచాలు విసురుతారా?"

నువ్వు చెప్పావో, అదే ఊహించిందో నాకు తెలియదు. "లేదు" అన్నాను. "మాటలే."

"సరే, మాటలైతే పర్లేదు" అంది.

పదీ ఐదుకి సంతకాలు పెట్టాం. మీ అమ్మ కలం లాక్కుని ముందు పెట్టింది. నేను తర్వాత పెట్టాను, కానీ నాకు వయసు సాకు ఉంది.

ఇప్పుడు ఇంటి సంగతి. పిల్ల నాలుగు రోజుల్లో నా మీద ఆరుసార్లు అరిచింది. నేను ఏడు. పొద్దున తొమ్మిదింటికి షాపుకి పోతుంది, ఆరింటికి వస్తుంది. బీరువాకి కొత్త తాళం తనే చేసి, రెండు చెవులు తెచ్చి, ఒకటి నాకిచ్చి ఒకటి తన మెళ్లో వేసుకుంది. "మళ్లీ పారేస్తావు, నాకు తెలుసు" అంది. బూట్లు విప్పలేదు. నేను అడగలేదు. నీ లాగ్‌బుక్కులో ఆ గడి ఖాళీగా వదిలెయ్.

నిన్న కార్బన్ కాపీలు సర్దుతూ ఎర్రసంచి పిల్ల గురించి అడిగింది. ఉన్నదంతా చెప్పాను. చివరికి, "ఇంతకీ తప్పెవరిది తాతా?" అంది. పెద్దాయన పోయి తాత వచ్చాడు, గమనించు.

సూపరింటెండెంటుని అందామంటే పోయాడు. చచ్చినవాణ్ణి తిట్టడం గోడకి చెప్పుకోవడమే. మీ నాన్నా అంతే. నన్ను నేను తిట్టుకోవడం ఈ నెల రోజులుగా నాకున్న పని, పొద్దున టీతో మొదలుపెడుతున్నాను, అది లెక్కలోకి రాదు. కానీ పన్నెండో రోజు ఒకటుంది అమ్మాయీ. ఆ రోజున ఒక్క కబురు నాకు చేరి ఉంటే, ఆ పిల్ల ఏ బస్సు ఎక్కుతుందో, ఏ మెట్ల మీద కూర్చుంటుందో ఈ లోకంలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. సాయంత్రానికి వెతికి పట్టుకునేవాణ్ణి. "నువ్వే గెలిచావు" అనడానికి సిగ్గుపడి ఒక మనిషి నోరు మూసుకుంది. ఏదైనా పట్టుకుంటే వదలదు, చిన్నప్పుడు బలపమూ అంతే, పెద్దయ్యాక సిగ్గూ అంతే. నేను ఆమె పక్కన కూర్చున్నాను, కూర్చుంటాను, వచ్చే ఆదివారం భోజనానికి కూడా రమ్మన్నాను. దానికీ దీనికీ సంబంధం లేదు. క్షమించలేదు.

అదే చెప్పాను పిల్లకి. ఇంకా ఒక్కరి మీదే నా కోపం అని.

"ఎవరి మీద తాతా?"

ముప్ఫై రెండేళ్లుగా నా నోట్లోంచి రాని పేరు. పిలిచి చూస్తే ఇంకా పలుకుతోంది.

"మా ఉడుం మీద."